మా యారాలి మంద

మా ఊర్ల ఎవరినడిగినా చెప్తరు, నా మాటల సగం నిజం, సగం ఉప్పుకారం అని. నడీడు వచ్చినా ఆ పేరు పోలే. పోగొట్టుకోవాలని నేనూ చూడలే. అందుకే మొదలే చెప్పి పెడుతున్న: ఈ కథల ఎక్కడన్న పెంచితే అక్కడ్నే ఒప్పుకుంట. ఈ కథల గొర్రెపిల్లను ఇచ్చిన ఇండ్లు ఇరవై రెండు. ఎవరన్న నా నోట నలభై అని విని ఉంటే అది నేను చెప్పిందే, వాళ్ల చెవుల తప్పు గాదు.

అవి జర్మనీ లడాయి ఏండ్లు. గ్యాసునూనె దొరుకక పొద్దుండంగనే బువ్వ తినేటోళ్లం. మా ఊరు కల్వకుర్తి నుంచి నడిస్తే ఒక పూట. చుట్టూ గుండ్లు, గుండ్ల నడుమ జొన్న చెలకలు, చెలక కాని జాగాల గడ్డి. ఆ గడ్డిని నమ్ముకున్న గొర్లోళ్లం మేం. నాకు పెండ్లయి నాలుగేండ్లు అయితాంది. మా యారాలు, అంటే మా ఇంటాయన అన్న పెండ్లాం, మా పక్క వాకిలే. వేరు పడ్డంక కూడా నడుమ గోడ కట్టుకోలే. కట్టుకుంటే నేను ఎవరితోని మాట్లాడాలె?

ఆ యేడు ఎండకాలంల మా బావ జ్వరంతోని పోయిండు. ఆయన పోయిన దుఃఖం ఆరకముందే శ్రావణంల ముసురు పట్టింది. పదకొండు దినాలు గొర్ల ఒళ్లు ఆరలే. గిట్టలు పుండ్లు పడ్డయి, నోట్ల నుంచి నురగ కారింది. అందరి మందలల్ల పోయినయి గని, మా యారాలి మందల మాత్రం ఒక్కటి మిగుల్లే. చివరి గొర్రెను పూడ్చొచ్చిన దినం ఆమె దొడ్డి ఊడ్చి, కడిగి, తడిక మూసింది. ఏడువలే. ఏడిస్తే నాకు జర ధైర్యంగ ఉండేది.

మా ఇంట్ల కలువుమన్నం. "నా పొయ్యి నాది" అన్నది. ఆమె పొగరు నాకు తెల్వంది గాదు. పెండ్లయిన కొత్తల నేనొండిన చారు నోట్ల పోసుకొని, "మంచిగున్నది, బర్రెకు పొయ్యి" అన్న మనిషి.

అసలు ఫికరు పొయ్యి గాదు, దొర ఉండే గడి. మంద ఉన్న గొర్లోళ్లు ఏటా ఇన్ని జీవాలని గడికి తోలాలె. మంద లేనోళ్లు మనుషుల్ని పంపాలె. గడి వాకిలి ఊడ్చుడు, పెండ తీసుడు, నీళ్లు మోసుడు. కూలి లేదు, ఇన్ని దినాలని లేదు. తల్లి ఒకపాలి ఆ వాకిట్ల చీపురు పట్టిందంటే బిడ్డలు కూడా ఆ వాకిట్లనే పెరుగుతరు. మా యారాలికి ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి తొమ్మిదేండ్లు.

మా కులంల ఒక ఆచారం ఉండె. ఒకరి మంద రోగానికి పోతే మిగిలిన ఇండ్లు ఇంటికో జీవం ఇయ్యాలె. అది ఆడదై ఉండాలె, పాలు మరిచి ఉండాలె, కుంటిది కావద్దు. పోగొట్టుకున్నోళ్లు నోరు తెరిచి అడుగొద్దు. కులపెద్ద తాత గొంగడి చేతుల మీద పరుచుకొని ఒక్కో గడప ముంగట నిలబడతడు. గొంగట్ల గొర్రెపిల్లను పెట్టాలె. ఇచ్చినోళ్లు "ఇచ్చినం" అనొద్దు, పుచ్చుకున్నోళ్లు "పుచ్చుకున్నం" అనొద్దు. తర్వాత తాత ఆ పిల్ల చెవికి కొత్త ఇంటి గుర్తు కోస్తడు. ఇంటికో కోత ఉంటది మాకు. మా బావోళ్లది కుడి చెవి కొసన చిన్న చీలిక.

దసర పోయిన మూడోనాడు తాత మా గడపకు వచ్చిండు. మా ఇంటాయన ఒక బక్క పిల్లను పట్టుకొచ్చిండు.

"గిది పదిదినాలు బతుకుతదా?" అన్న.

"బతికితే బతుకుతది."

"అయితే నువ్వే పెంచుకో" అని లోపలికి పోయి మా బొల్లిదాన్ని ఎత్తుకొచ్చి గొంగట్ల పెట్టిన. నుదుట తెల్ల మచ్చ. తల్లి సచ్చిపోతే మేకపాలల్ల గుడ్డపేలిక ముంచి నా చేతులతోని సాదిన పిల్ల అది. తాత నా దిక్కు చూసిండు. నేను గోడ దిక్కు చూసిన. అంత పెద్ద మనసు నాకున్నదని నాకే తెల్వకుండె, దాన్ని జరసేపు నేనొక్కదాన్నే చూసుకోవాలనిపించింది.

మాపటికి మా యారాలి దొడ్డి నిండింది. ఇరవై రెండు పిల్లలు, ఇరవై రెండు గొంతులు. తెల్లారినంక ఆమె వాటిని మేతకు తోలుకపోయింది. పొద్దుమీకింది. ఆమె తిరిగొచ్చింది. దొడ్డి తడిక తీసి పట్టుకున్నది. లోపలికి ఒక్కటి రాలే. మూడు దోవలు కలిసే కాడ, కుమ్మరోళ్లు కుండలు కాల్చే ఆవం ఎనుక, మంద బియ్యం ఒలికినట్టు ఒలికి ఎవరింటికి అది పోయింది. తాత పిల్ల తాతింటికి. బొల్లిది నా కాళ్లల్లకు. గొర్రెకు ఆచారం ఎవరు చెప్పాలె?

మా యారాలు తడిక మూసుకుంట అన్నది: "జీవాలకు తెలుసు, ఏ ఇంట్ల ఉప్పున్నదో."

ఎవరిండ్ల నుంచి వాళ్లు తిరిగి తెచ్చిచ్చిండ్రు. తెల్లారి మల్ల అదే. మూడోనాటికి ఊరు నవ్వుడు మొదలుపెట్టింది, నాలుగోనాడు గడి జవాను వచ్చిండు. మనిషి లావు, మాట ఇంకా లావు.

"ఏమే, నీ మంద ఏదే? సంతల తప్పిపోయిన పోరగాండ్ల లెక్క ఇల్లిల్లు తిరుగుతాందట?"

తాత ముంగటికొచ్చిండు. "మా కులాచారం దొరా. ఇంటికొకటి గొంగట్ల పడ్డది. చెవులు చూడుండ్రి, కోత ఉన్నది."

"చెవి కోసుడెంతసేపు ముసలోడా, కత్తి మీ చేతులనే ఉన్నది. నేను పోంగనే ఎవరియి వాళ్లు తోలుకుంటరు." ఆయన మా యారాలి దిక్కు తిరిగిండు. "మీ తగవులు ఎట్ల తెంపుకుంటరో నాకు తెల్వదా? మూడు దోవల కాడ విడుస్తరు. పొద్దుమీకి జీవం ఎవరి దొడ్లకు పోతే వాళ్లది. గంతే గద? రేపు పొద్దుమీకి విడువు. నీ దొడ్లకు వస్తే నీయి. రాకపోతే ఎల్లుండి చీపురు పట్టుకొని గడికి రా. పిల్లలను కూడా తీసుకరా, ఒక్కదానితోని వాకిలి ఒడువదు."

నా నోరు ఊరుకోదు గద.

"నీ బాంచెన్ దొరా, రేపు వద్దు. చెవిల నెత్తురు ఆరని జీవాన్ని మూడు దోవల కాడ విడిస్తే, చూసినోళ్లకు కన్ను పోతది. ఆలంపూర్ దిక్కు మా మేనత్త ఊర్ల ఒక పటేలుకు గట్లనే పోయింది."

"ఏ కన్ను?"

"మొదలు ఎడమది దొరా."

ఆయన చెయ్యి ఎడమ కంటి మీదికి పోయింది. రుద్దుకున్నడు. దీపావళి అమాస దాకా గడువిచ్చి పోయిండు. నాకు ఆలంపూర్ దిక్కు మేనత్త లేదు.

పదమూడు దినాలు చేతికొచ్చినయి. తాత చెప్పిండు, మందను మేతకు తోలొద్దు, దొడ్లనే పెట్టి సాదాలె, ఒక దగ్గర తిని ఒక దగ్గర పండితే ఒక్క వాసన అయితయని. గని ఇరవై రెండు జీవాలకు దొడ్లకే మేత తెచ్చుడంటే మాటలా? అప్పుడు జూసిన నేను మా ఊరిని. జీవాలున్న ఇండ్లు సరే. ఊరి చివర, ఆదివారం ఆదివారం ప్రార్థన చేసుకునే ఇండ్లకు గొర్రె లేదు, గుంటెడు భూమి లేదు. ఆ ఆడోళ్లు నూర్పిళ్ల కాడికి కూలికి పోయి, వచ్చేటప్పుడు పెసర పొట్టు మూటలు కట్టుకొచ్చి దొడ్డి ముంగట దించి పోయేటోళ్లు. మొగోళ్లు కంప కొట్టుకొచ్చి దొడ్డి చుట్టూ నడుమెత్తు ఏసిండ్రు. కుమ్మరాయన నీళ్లకు రెండు కుండలు పెట్టిండు, ఒకటి కారుతది, గని ఆయన మనసు కారలే. ఉప్పు మాత్రం ఎవరిండ్లల్ల ఎక్కువ లేకుండె. అయినా ఇంటికొక చిటికెడు వచ్చింది.

మా యారాలు మారు మాట్లాడకుండ అన్నీ తీసుకున్నది. ఆమె అట్ల తీసుకునుడు నేను ఎన్నడు చూడలే. బావ లెక్క ఈల ఎయ్యబోయింది, వేళ్లు నోట్ల పెట్టుకుంటే ఉమ్మే వచ్చింది. "ఎందుకక్కా, వాన పడుతాంది" అన్న. ఆమె ఈల మానుకున్నది. చాటల పొట్టు పోసి, చాట అంచు మీద వేళ్లతోని కొట్టుకుంట, తన బిడ్డలను బువ్వకు పిలిచినట్టు "దా... దా దా దా..." అన్నది. ఐదోనాడు ఆ చప్పుడుకు తలలు లేచినయి.

అయినా పొద్దుమీకితే ఒక తిప్పలు. ఎంత కంప ఏసినా ఎక్కడ్నో సందు చేసుకొని బొల్లిది బయట పడేది. దాని ఎనుక ఐదారు. మల్ల వాటి కోసం ఊరంత తిరుగుడు. తోడేలు వాసన తగిలి బెదురుతున్నయని నేను చెప్పిన. ఆ తోడేలును గుట్ట మీద చూసినట్టు కూడా చెప్పిన. దాని తోక ఎంతున్నదో చేతులతోని చూపించిన.

నా కథను తెంపింది మంత్రసాని అవ్వ. ఊరి చివరి ఇండ్ల నుంచి వచ్చేది. మా ఊర్ల సగం మందిని మొదలు పట్టుకున్న చేతులు ఆమెవే, అందుకే ఎవరికీ భయపడకపోయేది. ఒక మాపటీలి పొట్టు మూట దించి నా నడుము దిక్కు చూసింది.

"నీ కొంగెందుకే అట్ల బరువుగున్నది?"

"ఏం లేదవ్వా."

అవ్వ కొంగు పట్టి గుంజింది. సజ్జలు నేల మీద రాలినయి. బొల్లిది కంపల నుంచి మూతి పెట్టి నా కాలు నాకుతాంది.

నిజం చెప్తున్న, ఇక్కడ ఏం పెంచలే. ఇచ్చిన మొదటి దినం సంది మాపటికొక గుప్పెడు సజ్జలు దాని నోటికి అందిస్తున్న. అది నన్ను మరుస్తదేమోనని. అందుకే అది నా కాడికి ఉరికేది, దాని ఎనుక మిగిలినయి.

మా యారాలు చూసింది. ఆమె గొంతు పెద్దగ చేయలే.

"చెల్లే, ఇచ్చినవా, నా కాడ మేతకు పెట్టినవా?"

నేను వంగి రాలిన సజ్జలు ఏరుడు మొదలుపెట్టిన. అవ్వ నన్ను చూసి అన్నది: "పిల్లకు పాలు మాన్పియ్యాలంటే మొదలు తల్లి మానాలెనే. నా చేతుల మీద ఎంతమందికి మాన్పిచ్చిన. వేపాకు నూరి పూసుకో."

తాత పక్కనే ఉన్నడు. "అవ్వా, అది మనుషుల పిల్లలకు. గొర్రెకు వేపాకంటే పండుగ బువ్వ."

"తింటే తిననీ. నేను చెప్పింది వేపాకు సంగతి కాదు. నీ గోచీ ముడిల ఏమున్నది తాతా?"

తాత నేల చూసిండు. ముడిల ఉప్పురాయి ఉన్నది. ఆయన కూడా రోజు పొద్దుమీకి తన పిల్ల చెవుల ఎనుక గోకి, ఉప్పు నాకిచ్చి పోతున్నడు. ఇగ ఒక్కొక్కరు బయటపడ్డరు. ఒకామె రొట్టె ముక్క, ఒకాయన చిక్కుడు తీగ. ఒక ఇంటోళ్లయితే పేరు పెట్టి పిలుస్తున్నరు కంప సందు నుంచి. ఇరవై రెండు ఇండ్లల్ల పదిహేడు ఇండ్లు దొంగలు. ఇచ్చుడు అందరికీ వచ్చు. చెయ్యి తీసుడే ఎవరికీ రాదు.

ఆ మాపటినుంచి కట్టు పెట్టుకున్నం. పొద్దుమీకంగనే ఎవరి తడిక వాళ్లు మూసుకోవాలె. ఇచ్చిన పిల్ల వచ్చి ఒర్రినా తియ్యొద్దు, పలుకొద్దు. మొదటి రెండు దినాలు ఊరు చావు పడ్డ ఊరు లెక్క ఉండె. బయట గొర్రెపిల్లలు ఒర్రుడు, లోపల మనుషులు చెవులు మూసుకునుడు. తాత గొంగడి కప్పుకొని ముడుసుకొని కూసున్నడట. బొల్లిది నా తడికను తలతోని పొడిచింది. నేను కొంగు నోట్ల పెట్టుకొని తలుపెనుక కూసున్న. మా ఇంటాయన "నీ నోరు మూసుకున్నది నా జన్మల ఇదే చూసుడు" అన్నడు. మూడోనాడు పొడుచుడు తగ్గింది. ఎనిమిదోనాటికి కంపల సందు ఉన్నా ఒక్కటి దాటలే. చాట చప్పుడుకు లేచి, ఒకదాన్నొకటి ఆనుకొని పండుతున్నయి. వాసనకు అన్నీ ఒక్కటే అయినయి, నేను వంగి చూసిన, పొట్టు వాసన, మా యారాలి చేతి వాసన.

అమాస వచ్చింది.

పొద్దు గుండ్ల మీదికి వంగినప్పుడు మా యారాలి పెద్దబిడ్డ, తాత కొడుకు కలిసి మందను మూడు దోవల కాడికి తోలి పక్కకు జరిగిండ్రు. మా యారాలు తన దొడ్డి వాకిట్ల, చాట పట్టుకొని. ఊర్ల తడికలన్నీ మూతపడి ఉన్నయి. జవాను ఆవం దిబ్బెక్కి నిలబడ్డడు, ఎడమ కంటికి రుమాలు అడ్డం కట్టుకొని. నన్ను ఊర్ల ఉండొద్దన్నరు. నా వాసన తగిలినా, నా గొంతు విన్నా బొల్లిది ఇటు తిరుగుతదని. గాలికి కిందుగ ఉన్న పెద్ద గుండు మీద బోర్ల పండుకున్న. మంత్రసాని అవ్వ నా పక్కన కూసొని నా నడుము మీద చెయ్యేసి పట్టుకున్నది, నేను ఎగిరిపోతనేమోనన్నట్టు.

అప్పుడు కనబడ్డది, గడి మంద. రోజూ చెరువు దిక్కు నుంచి పోయే మందను ఆనాడు మా మూడు దోవల మీదికి తోలించిండు జవాను. వంద జీవాలు. మా పిల్లలను కలుపుకొని గడికి పోతయని ఆయన ఎత్తు.

"అవ్వా, మోసం" అన్న. అవ్వ నా కొంగు నా నోట్ల కుక్కింది.

దుమ్ము లేచింది. మా పిల్లలు ఆ మందల మునిగిపోయినయి. ఒక్క తెల్ల మచ్చ కోసం చూసిన, కనబడలే. మంద గడి దోవ దిక్కు మళ్లింది. జవాను నవ్వుతున్నడు.

చాట చప్పుడు వినబడ్డది. నిమ్మళంగ, తొందర లేకుండ. "దా... దా దా దా..."

మంద నడుమ కదలిక వచ్చింది. నీళ్లల్ల నుంచి చేప లేచినట్టు ఒక తల లేచింది. తర్వాత ఇంకోటి. మొదలు బయటపడ్డది బొల్లిదే. దోవ నడుమ ఆగింది. మా ఇంటి దిక్కు చూసింది. పిలువాలని, పిలువొద్దని, రెండూ ఉన్నయి. అది చెవి విదిలించి మా యారాలి దొడ్డి దిక్కు ఉరికింది. దాని ఎనుక పది, దాని ఎనుక మిగిలినయి. ఇరవై రెండు. నేను లెక్క పెడుతుంటే అవ్వ వేలు కూడా కదులుతాంది.

"ఇరవై మూడు" అన్నది అవ్వ.

నిజమే. ఇరవై మూడు, ఇరవై నాలుగు, ఇరవై ఐదు. మూడు పెద్ద గొర్లు గడి మందను విడిచి మా పిల్లల ఎనుక ఉరుకుతున్నయి. గడి మందల ఏ జీవమూ గడిల పుట్టలే, ఏటా మా ఇండ్ల నుంచి పోయినవే. అందుల మూడు, మా వాళ్లు ఇచ్చిన పిల్లల తల్లులు. పిల్లల గొంతులు విన్నయి, పోయినయి. గంతే.

జవాను దిబ్బ దిగి దొడ్డికాడికి ఉరికిండు. "అవి గడివి."

మూసిన తడికలన్నీ ఒక్కసారి తెరుచుకున్నయి. నేను గుండు దిగి ఎట్ల వచ్చిన్నో నాకే తెల్వది, మోకాళ్లు రెండు గీసుకపోయినయి. తాత చేతులు కట్టుకొని అడిగిండు: "గడివే దొరా, ఎవరు కాదన్నరు? మీరు మొన్న చెప్పిన మాటొకటి మాకు యాదికి లేదు. పొద్దుమీకి జీవం ఎవరి దొడ్లకు పోతే ఎవరిది?"

మా యారాలు తడిక బార్ల తీసి పక్కకు జరిగింది. "తోలుకపోండ్రి దొరా. వస్తే."

ఆయన లోపలికి పోయిండు. గొర్లు దొడ్డి చుట్టూ తిరిగినయి, ఆయన వాటెనుక తిరిగిండు. ధోతి కంపకు పట్టింది. విడిపించుకునే దాకా ఊరంత నిలబడి చూసింది, మర్యాదగ, ఒక్కరు నవ్వకుండ. నవ్వొద్దని పళ్లతోని పెదవి పట్టుకున్న, అది పగిలింది.

తెల్లారి ఇద్దరు మనుషులు వచ్చి మూడింటిని తాడేసి పట్టుకపోయిండ్రు. మాపటికి మల్ల వచ్చినయి. ఇంకోసారి పట్టుకపోయిండ్రు, ఇంకోసారి వచ్చినయి. ఏడుసార్లని నేను చెప్తుంట, రెండేసార్లు. మూడోసారి ఎవరూ రాలే. గడిల ఉన్నోళ్లకు ఆ సంగతి తెలిస్తే జవానుకే నవ్వులపాలని, ఆయనే లెక్కల నుంచి వాటిని సచ్చినట్టు తీసేయించిండని తర్వాత విన్న. ఇది మాత్రం నేను కల్పించింది గాదు, ఎవరో కల్పించిండ్రు, వాళ్లకు నా దండం.

గడి పనికి మనుషుల్ని పిలిచే అతను రోజు పొద్దుగాల వాడల కట్టెతోని తలుపులు కొట్టుకుంట వచ్చేటోడు. పాపం ఆయనది కూడా కూలి లేని బతుకే. వారం దినాలకు, మంద లేదన్న పాత మాట నమ్మి మా యారాలి తలుపు కొట్టిండు. తాళం లేని గొళ్లెం, ఊడ్చిన వాకిలి, పెంట తప్ప ఏం లేని దొడ్డి. నేను మా వాకిట్ల జొన్నలు చెరుగుతున్న.

"ఇంట్ల ఎవరూ లేరా అక్కా?" అని అడిగిండు.

"ఉంటే ఎట్లుంటరు తమ్మీ? పొద్దు పొడువకముందే మంద తోలుకొని పోయింది. ఆమెకు తీరిక లేదని చెప్పు."